మాంసం కలపని ఇడ్లీ: ఆటిజం, న్యూరోఫీడ్‌బ్యాక్, గంటల లెక్క

ఈ మధ్య కోనసీమ అమ్మానాన్నల వాట్సాప్ గ్రూపుల్లో ఒక కరపత్రం తెగ తిరుగుతోంది. రంగురంగుల తీగల టోపీ పెట్టుకుని, టాబ్లెట్‌లో బొమ్మ చూస్తూ నవ్వుతున్న పిల్లాడు. కింద పెద్దక్షరాల్లో "ఆటిజానికి మందుల్లేని వైద్యం". ఇంకా కింద చిన్నక్షరాల్లో న్యూరోఫీడ్‌బ్యాక్, 40 సెషన్లు, సైడ్ ఎఫెక్టుల్లేవు. న్యూరోఫీడ్‌బ్యాక్ అంటే ఆ టోపీతో మెదడు అలల్ని పట్టి, తెర మీద ఆట చూపిస్తూ వాటిని మార్చుకోవడం నేర్పే శిక్షణ. టోపీతో నాకు పెద్ద తగాదా లేదు. తగాదా అంతా ఆ మొదటి మాటతోనే.

అసలు ఆటిజానికి మందెక్కడుందని, లేకుండా చెయ్యడానికి? అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఆటిజం పేరు మీద ఒప్పుకున్న మందులు రెండే. 2006లో రిస్పెరిడోన్, 2009లో అరిపిప్రజోల్. అవి కూడా విపరీతమైన చిరాకుకి మాత్రమే. తల గోడకేసి కొట్టుకోవడం, చెయ్యి రక్తం వచ్చేలా కొరుక్కోవడం, ఎదుటివాళ్ళ మీద పడి రక్కడం, ఇలాంటివాటికి. మాట రావడానికి మందు లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడటానికి లేదు. తోటిపిల్లల్తో కలవడానికి లేదు. స్పీచ్ థెరపీ మందుల్లేనిదే, ఆక్యుపేషనల్ థెరపీ మందుల్లేనిదే, నాయనమ్మ అరుగు మీద కూచోబెట్టుకుని చెమ్మచెక్క ఆడించడమూ మందుల్లేనిదే. "మా హోటల్లో మాంసం కలపని ఇడ్లీ దొరుకును" అని బోర్డు పెడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. అబద్ధం కాదు. కానీ పక్క హోటలు ఇడ్లీ మీద లేనిపోని అనుమానం పుట్టిస్తుంది.

అయితే ఆ మాట ఊరికే పని చెయ్యదు. దాని వెనక నిజమైన భయం ఉంది, దాన్ని వెక్కిరించకూడదు. రిస్పెరిడోన్ మీద 2002లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన పరీక్షలో 101 మంది పిల్లలు. 8 వారాల్లో మందు వేసుకున్నవాళ్ళలో 69 శాతం మందికి చిరాకు బాగా తగ్గింది, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 12 శాతానికి. మందు గట్టిగానే పని చేసింది. అదే 8 వారాల్లో మందు పిల్లలు సగటున 2.7 కిలోలు బరువు పెరిగారు, ఉత్తి మాత్ర పిల్లలు 0.8 కిలో. రెండు నెలల్లో రెండున్నర కిలోలు పెరిగి, బళ్ళో బెంచీ మీద తల వాల్చి నిద్రపోయే పిల్లాణ్ణి చూసిన తల్లి "ఇంకేదైనా ఉంటే చెప్పండి" అనదా? అంటుంది. ఆ ప్రశ్నకి జవాబుగానే ఈ టోపీని అమ్ముతున్నారు.

చిక్కేమిటంటే టోపీ కోసం వచ్చేవాళ్ళందరూ ఆ ప్రశ్నతో రావడంలేదు. చెయ్యి కొరుక్కునే పదేళ్ళ పిల్లాడి సంగతి వేరు. ఇంకా "అమ్మ" అనని మూడేళ్ళ పిల్లాడి సంగతి వేరు. రెండోవాడికి ఏ డాక్టరూ రిస్పెరిడోన్ రాయడు. వాడి విషయంలో టోపీకి పోటీ మందు కాదు, స్పీచ్ థెరపీ. కుటుంబం దగ్గరున్న డబ్బూ, సెలవులూ, ఓపికా ఈ రెంటిలో ఒకదానికే వస్తాయి. మొత్తం వాదన ఇక్కడే ఉందని నా ఉద్దేశం.

టోపీ కింద ఏం జరుగుతుంది

మనిషి మెదడులోని విద్యుత్తుని తల పైనుంచే పట్టుకోవచ్చని జర్మనీలో హాన్స్ బెర్గర్ చూపించాడు. 1924లో మొదట నమోదు చేశాడు, 1929లో అచ్చేశాడు. ఆ నమోదునే ఈఈజీ అంటారు. ఆ కరెంటు ఎంత అంటే మైక్రోవోల్టుల్లో, పదుల్లో. టార్చిలైట్ బ్యాటరీ ఒకటిన్నర వోల్టు. అందులో లక్షో వంతు అన్నమాట. న్యూరోఫీడ్‌బ్యాక్ మంచిచెడ్డలు సగం ఈ చిన్న అంకెలోనే తేలిపోతాయి.

ఆ అలల్ని వేగాన్ని బట్టి విడదీస్తారు. సెకనుకి 4 లోపు డెల్టా, 4 నుంచి 8 థీటా, 8 నుంచి 12 ఆల్ఫా, నడినెత్తి మీద దొరికే 12 నుంచి 15 దాకా ఎస్సెమ్మార్ (ఒళ్ళు కదలకుండా ఉన్నప్పుడు వచ్చే అల), ఆ పైన బీటా. ఎక్కువమంది చేసేది థీటా తగ్గించడం, ఎస్సెమ్మార్ పెంచడం. అనుకున్న అల అనుకున్న గీత దాటినప్పుడల్లా తెర మీద కారు కదులుతుంది, లేకపోతే బొమ్మ వెలుగుతుంది. గీత దాటకపోతే ఆగిపోతుంది. పిల్లాడికి "ఇలా చెయ్యి" అని ఎవరూ చెప్పరు. మెదడే వెతుక్కోవాలి.

ఇది బూటకం అని కొట్టిపారేసేవాళ్ళు పిల్లుల కథ తెలుసుకోవాలి. 1960ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బారీ స్టెర్మన్ పిల్లులకి ఈ ఎస్సెమ్మార్ పెంచడం నేర్పాడు. అల వచ్చినప్పుడల్లా కాసిని పాలు. తరవాత ఇంకో పని మీద అవే పిల్లుల్ని రాకెట్ ఇంధనానికి గురిచేశారు. అది ఫిట్స్ తెప్పించే విషం. శిక్షణ పొందిన పిల్లులు మిగతావాటికన్నా బాగా తట్టుకున్నాయి. పిల్లికి కరపత్రం చదవడం రాదు, ఆశ పెట్టుకోవడం రాదు. కాబట్టి మెదడు అల నేర్పితే మారుతుందనేదాన్ని నేను నమ్ముతాను. 1972లో మూర్ఛ ఉన్న మనిషి మీద కూడా స్టెర్మన్ ఫలితం చూపించాడు. కానీ అది మూర్ఛ. అల మారడం ఒక సంగతి, అల మారితే మాట రావడం వేరే సంగతి. మొదటిదానికి సాక్ష్యం చూపించి రెండోదానికి డబ్బు కట్టించుకుంటున్నారు.

నూనె తల, ఉక్కపోత, ఎర్తింగు

ఇప్పుడు గదిలోకి వెళ్దాం. అమలాపురంలో పొద్దున్న ఆరింటికి తల్లి పిల్లాడికి స్నానం చేయించి, తలకి కొబ్బరినూనె పట్టించి, పాపిట తీసి దువ్వి బస్సెక్కిస్తుంది. శుభ్రంగా తయారుచేశాననే ఆవిడ అనుకుంటుంది. మన వైపు నూనె రాయకుండా పిల్లాణ్ణి బయటికి పంపితే తల్లిని అంటారు కూడా. కానీ టోపీలోంచి తలకి తగిలి సిగ్నల్ పట్టే బిళ్ళకి, అంటే ఎలక్ట్రోడుకి, నూనె కన్నా పెద్ద శత్రువు లేదు. చర్మానికీ ఎలక్ట్రోడుకీ మధ్య అడ్డు, అంటే ఇంపీడెన్స్, 5 కిలోఓముల లోపు ఉండాలని పాత నియమం. నూనె పొర ఉంటే అది ఎన్నో రెట్లు అవుతుంది. అప్పుడు తెర మీద కనిపించేది మెదడు కాదు, గది.

కాబట్టి సెషన్ ముందు రాత్రి కుంకుడుకాయతోనో షాంపూతోనో తల రుద్దాలి. పొద్దున్న నూనె, జెల్ ఏదీ వద్దు. అక్కడికెళ్ళాక సన్నని రవ్వ కలిసిన జెల్‌తో ఎలక్ట్రోడు పెట్టేచోట చర్మాన్ని నాలుగుసార్లు మెల్లిగా రుద్ది తుడవాలి, ఆ తరవాతే పేస్టు. నడినెత్తి ఎక్కడో కంటితో చూసి పెట్టకూడదు. ముక్కు మొదలు నుంచి తల వెనక బుడిపె దాకా టేపు పెట్టి సగం, ఒక చెవి ముందు గుంట నుంచి ఇంకో చెవి ముందు గుంట దాకా మళ్ళీ సగం, రెండూ కలిసేది నడినెత్తి. టేపు తియ్యని సెంటర్లో మిగతాది అడగనక్కర్లేదు. (వాడపల్లిలోనో ద్వారకా తిరుమలలోనో తలనీలాలిచ్చి వచ్చిన వారంలో టెక్నీషియన్‌కి పండగే. ఆ వారం సిగ్నలంత మంచి సిగ్నల్ మళ్ళీ రాదు.)

తరవాతది ఉక్కపోత. తలకి చెమట పడితే తెర మీద సిగ్నల్ గీత నెమ్మదిగా పైకీ కిందకీ తేలుతుంది. అది డెల్టా పెరిగినట్టు లెక్కలోకి ఎక్కేస్తుంది. మే నెలలో ఏసీ లేని గదిలో తీసిన ఈఈజీ చూసి "పిల్లాడికి స్లో వేవ్స్ ఎక్కువున్నాయి" అంటే అది పిల్లాడి తప్పో, ఉక్క తప్పో చెప్పడం కష్టం. రెప్ప కొట్టినా అంతే. కంటి కదలిక నుదుటి దగ్గర మెదడు అల కన్నా ఎన్నో రెట్లు పెద్దది, డెల్టా, థీటాల్లో పడుతుంది. పళ్ళు కొరికితే దవడ కండరాల చప్పుడు బీటాలో పడుతుంది. ఆటిజం ఉన్న పిల్లలు కొందరు పళ్ళు నూరుతారు, తల ఊపుతారు, కళ్ళు పక్కకి తిప్పి చూస్తారు. అంటే థీటా ఎక్కువ, బీటా ఎక్కువ అని చెప్పే రిపోర్టులో కొంత భాగం అచ్చంగా ఆ అలవాట్లే.

ఇక కరెంటు. మన సప్లై 50 హెర్ట్జ్, అమెరికాది 60. సాఫ్ట్‌వేర్‌లో ఆ హోరుని కత్తిరించే ఫిల్టర్ ఉంటుంది. అక్కణ్ణుంచి తెప్పించిన సెట్టులో అది 60కి పెట్టి ఉంటే మన 50 అలాగే మిగిలిపోతుంది. పాత మేడల్లో ఎర్తింగ్ సరిగా ఉండదు, పైన ఫ్యాను, పక్కనే ఇన్వర్టరు. తేలిక చిట్కా ఒకటుంది. సెషన్ జరిగేటప్పుడు ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడపాలి, ఇన్వర్టరుకి దూరంగా కూర్చోవాలి. గీత సన్నబడితే ఇందాకటిదాకా వచ్చింది కరెంటు హోరే.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆటోమేటిక్ థ్రెషోల్డ్. థ్రెషోల్డ్ అంటే కారు కదలాలంటే అల దాటాల్సిన గీత. పిల్లాడు విసుక్కోకుండా ఉండాలంటే అరవై, డెబ్బై శాతం సేపు కారు కదలాలి. అందుకని సాఫ్ట్‌వేర్ తనే గీతని జరుపుతుంది. పిల్లాడు బాగా చేస్తే గీత పైకి, చెయ్యకపోతే కిందకి. ఫలితం? నేర్చుకున్నా 70 శాతమే, నేర్చుకోకపోయినా 70 శాతమే. "మీవాడి స్కోరు స్థిరంగా ఉందండి" అని చూపించే గ్రాఫు నిజానికి సాఫ్ట్‌వేర్ స్కోరు. థ్రెషోల్డ్ చేత్తో పెడుతున్నారా, తనే జరుగుతోందా అన్న ఒక్క ప్రశ్న అడగండి. అవతలివాళ్ళకి పని వచ్చో రాదో అక్కడే తెలిసిపోతుంది.

ఎర్రమచ్చలు

మొదటిరోజు 19 ఎలక్ట్రోడుల టోపీ పెట్టి క్యూఈఈజీ, అంటే ఈఈజీని అంకెల్లోకి మార్చి పోల్చే మ్యాపు, తీస్తారు. రెండు రోజుల్లో గుండ్రటి తల బొమ్మలు వరసగా, ఎరుపు, నీలం మచ్చలతో రిపోర్టు. ఆ ఎరుపు చూసి తండ్రుల మొహం పాలిపోతుంది. నిజానికి అది చిన్న లెక్క. 19 చోట్లు, 5 రకాల అలలు, మొత్తం 95 అంకెలు. ఒక్కోదాన్నీ "మామూలు పిల్లల" సగటుతో పోల్చి, 100లో 5 మందిలో మాత్రమే కనిపించేంత తేడా ఉంటే రంగు వేస్తారు. అంటే ఏ తేడా లేని పిల్లాడికి కూడా నాలుగైదు మచ్చలు ఊరికే రావాలి. ఇంక కనెక్టివిటీ అని తల మీద రెండేసి చోట్లని జంటలుగా పోలిస్తే అంకెలు వందలవుతాయి, మచ్చలు పదులవుతాయి. దానికి నూనె, చెమట, పళ్ళు నూరడం కలపండి. ఆటిజానికి ఇదీ గుర్తు అని చూపించగల ఒక అల ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. ఈ మ్యాపుతో ఆటిజాన్ని నిర్ధారించలేరు, పిల్లాణ్ణి చూసి, ఆడించి, అమ్మానాన్నల్తో మాట్లాడే నిర్ధారిస్తారు.

ఇది న్యూరాలజిస్టు రాసే ఈఈజీ కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఆ ఈఈజీ వెతికేది ఫిట్స్ జాడ. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మిగతా పిల్లల్లో కన్నా చాలా ఎక్కువ. రంగుల మ్యాపు బాగుంది కదా అని ఆ ఈఈజీ మానేస్తే అసలుకే మోసం.

పరీక్షల్లో తేలిందేమిటి

కరపత్రాల్లో తరచు కనిపించే 89 శాతం అనే అంకె 2007 నాటి కోబెన్, పడోల్‌స్కీల పేపరుది. 37 మంది పిల్లలకి 20 సెషన్లు చేశారు, 12 మందిని వెయిటింగ్ లిస్టులో పెట్టి పోల్చారు. మెరుగుపడ్డారన్నది తల్లిదండ్రులు చెప్పింది. తమ పిల్లాడికి టోపీ పెట్టారో లేదో వాళ్ళకి తెలుసు. పెట్టించుకున్నవాళ్ళు బాగుందన్నారు, లైనులో ఉన్నవాళ్ళు ఏమీ లేదన్నారు. ఇందులో ఆశ్చర్యమేముంది?

2013లో నెదర్లాండ్స్‌లో కౌయ్‌జర్ బృందం జాగ్రత్తగా చేసింది. 12 నుంచి 17 ఏళ్ళ పిల్లలు. కొందరికి ఈఈజీ, కొందరికి చేతి చర్మం చెమటని బట్టి నడిచే వేరే ఫీడ్‌బ్యాక్. ఈఈజీ పిల్లల్లో 54 శాతం మంది సెషన్లలో తమ డెల్టా, థీటాలని నిజంగానే తగ్గించగలిగారు. పిల్లులు నిజమే చెప్పాయన్నమాట. ఒక పని నుంచి ఇంకో పనికి మనసు మళ్ళించే నేర్పు కూడా వాళ్ళలో కొంత మెరుగుపడింది. కానీ ఆటిజం లక్షణాలు తగ్గలేదు. మిగతా సగంమంది అలని మార్చనే లేకపోయారన్నది కూడా చిన్న విషయం కాదు.

ఏకాగ్రత లోపం ఉన్న పిల్లల మీద 2021లో అమెరికాలో వచ్చిన పరీక్ష ఇంకా గట్టిది. 7 నుంచి 10 ఏళ్ళ పిల్లలు 140 మందికి పైగా, 38 సెషన్లు. సగానికి తక్కువమందికి వేరే పిల్లాడి పాత ఈఈజీని ఆడించారు. కారు కదులుతుంది, కానీ వీడి మెదడుకీ దానికీ సంబంధం లేదు. పిల్లాడికీ తెలియదు, తల్లికీ తెలియదు, ఎదురుగా కూర్చున్న టెక్నీషియన్‌కీ తెలియదు. రెండు గుంపులూ బాగుపడ్డాయి. ఇంచుమించు సమానంగా.

"మావాడికి తగ్గిందండి"

ఆ "రెండు గుంపులూ బాగుపడ్డాయి" దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. ఎందుకంటే దాని అర్థం తల్లిదండ్రులు అబద్ధం చెప్పడం లేదని. నిజంగానే ఏదో మారింది. వారానికి రెండుసార్లు ఒక పెద్దమనిషి అరగంట సేపు తన మీదే దృష్టి పెట్టి కూర్చుంది. కదలకుండా కూర్చుంటే మెచ్చుకుంది. టెక్నీషియన్ చెప్పిందని ఇంట్లో రాత్రి ఫోను తీసేశారు, పదింటికల్లా పడుకోబెట్టారు. అయిదు నెలల వయసు పెరిగింది. ఇవన్నీ కలిపి పని చేస్తాయి. పేరు మాత్రం టోపీకొస్తుంది.

ఇంకొకటి, ఎవరైనా సెంటరుకి ఎప్పుడు పోతారు? పరిస్థితి మరీ చేయి దాటినప్పుడు. అంత చెడ్డ నెల తరవాత వచ్చే నెల ఎలాగూ కాస్త నయంగానే ఉంటుంది, ఏం చేసినా, చెయ్యకపోయినా.

ఆశ ఎంత గట్టిదో సెక్రెటిన్ సంగతిలో తేలింది. అది జీర్ణక్రియకి సంబంధించిన హార్మోను. 1998లో ఇంజెక్షన్ చేయించుకున్న ముగ్గురు పిల్లలు మారిపోయారని గోల. 1999లో 60 మంది పిల్లల మీద పరీక్ష పెట్టి కొందరికి సెక్రెటిన్, కొందరికి ఉప్పునీళ్ళు ఎక్కించారు. తేడా రాలేదు. ఆ సంగతి తల్లిదండ్రులకి చెప్పాక కూడా వాళ్ళలో 69 శాతం మంది "అయినా మాకు కావాలి" అన్నారు. వాళ్ళని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. ఆ 69 శాతాన్ని నమ్ముకుని దుకాణం తెరిచేవాళ్ళ మీదే కోపం.

సెంటర్లు చూపించే స్కోరు మార్పు గురించి కూడా ఒక మాట. ఆటిజం ఎంత ఉందో కొలవడానికి మన దేశంలో వాడే ఇసా స్కేలులో 40 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 నుంచి 106 దాకా స్వల్పం, 107 నుంచి 153 దాకా మధ్యస్థం. మొదట 110 వచ్చిన పిల్లాడికి అయిదు ప్రశ్నల్లో ఒక్కో మార్కు తగ్గితే 105. "మధ్యస్థం నుంచి స్వల్పానికి వచ్చాడు" అని ఫ్రేము కట్టించుకోవచ్చు. ఆ మార్కులు వేసేది ఫీజు తీసుకునే సెంటరే అయితే అయిదు మార్కులు ఎంతసేపు?

13 గంటల 20 నిమిషాలు

డబ్బు సంగతి ఎవరికి వాళ్ళకి తెలుసు. నేను గంటలు లెక్కేస్తాను. అమలాపురం నుంచి కొత్తపేట, రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి రాజమండ్రి 60 పైచిలుకు కిలోమీటర్లు. ఇంటి గడప దాటి మళ్ళీ ఇంటి గడప తొక్కేసరికి ఆరు గంటలనుకోండి. లంకల్లోవాళ్ళయితే ముందు పడవో పంటో దాటాలి, వాళ్ళకి ఇంకా ఎక్కువ. 40 సెషన్లకి 240 గంటలు. ఒక్కో సెషన్లో టోపీ పెట్టడం, తియ్యడం పోగా అసలు శిక్షణ 20 నిమిషాలు. మొత్తం కలిపితే 13 గంటల 20 నిమిషాలు. దానికోసం పిల్లాడు 40 రోజులు బడి మానేశాడు, తల్లి 40 రోజులు కూలో ఉద్యోగమో మానేసింది.

దీని పక్కన ఇంకో లెక్క పెడతాను. 2015లో ఫలితాలు వచ్చిన ఒక పరిశోధనలో గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 2 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 65 మంది మీద పాస్ అనే పద్ధతిని పరీక్షించారు. డాక్టర్లు కారు, శిక్షణ ఇచ్చిన మామూలు కార్యకర్తలు ఇంటికొస్తారు. ఆరు నెలల్లో 12 సార్లు. తల్లీ పిల్లాడూ ఆడుకుంటుంటే కాసేపు వీడియో తీస్తారు, తల్లితో కలిసి దాన్ని మళ్ళీ చూస్తారు. అంతే. తల్లులు పిల్లాడికి అనుగుణంగా స్పందించడం బాగా పెరిగింది, పిల్లాడు తనంతట తను పలకరించడం పెరిగింది. అన్నీ పెరిగాయని చెప్పను, ఇద్దరూ కలిసి ఒకే దాని మీద దృష్టి నిలిపే సమయం మాత్రం తగ్గింది. లోపాలతో సహా చెప్పుకున్న పరీక్ష కాబట్టే నాకు దాని మీద గురి.

ఆ వీడియోలో ఏం చూస్తారో దగ్గరగా చెబుతాను. పిల్లాడు అరుగు మీద కొబ్బరి ఈనెలు వరసగా పేరుస్తున్నాడు. తల్లి పక్కన కూర్చుని "ఇదేంటి నాన్నా? ఎన్ని ఉన్నాయి? చెప్పు. ఒకటి అను. అను" అంటోంది. నిమిషంలో ఏడెనిమిది ప్రశ్నలు. పిల్లాడు తల కూడా ఎత్తడు. ఇప్పుడు వీడియో ఆపి, కార్యకర్త ఆవిణ్ణి అడిగేది ఒక్కటే: వాడు ఇప్పుడు దేన్ని చూస్తున్నాడు? రెండోసారి తల్లి ప్రశ్నలు మానేసింది. తనూ ఒక ఈనె తీసి వాడి వరస చివర పెట్టింది. "పొడుగు ఈనె" అంది. ఆగింది. నోరు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టింది. అదే అన్నిటికన్నా కష్టం, మన ఇళ్ళల్లో ఎవరూ మౌనంగా ఉండలేరు. పిల్లాడు ఆవిడ పెట్టిన ఈనె చూశాడు, ఆవిడ చెయ్యి చూశాడు, ఇంకో ఈనె తీసి ఆవిడ చేతికిచ్చాడు. మాట రాలేదు. కానీ ఇవ్వడం అన్నది మాటకి ముందు మెట్టు. రోజూ అరగంట ఇలా ఆడితే, ఆ 240 గంటలు 480 రోజులకి సరిపోతాయి.

మాట రాని పిల్లాడికి అన్నిటికన్నా ముందు చెవుల పరీక్ష చేయించాలి, అదీ చాలామంది మర్చిపోతారు. పిల్లల ఆరోగ్యం కోసం 2013లో మొదలైన ప్రభుత్వ పథకం ఆర్బీఎస్కే కింద జిల్లా ఆస్పత్రుల్లో పెట్టిన డీఈఐసీ కేంద్రాలు, అంటే ఎదుగుదల ఇబ్బందుల్ని తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రాలు, ఇలాంటి పిల్లల కోసమే. అక్కడ డబ్బు తీసుకోరు.

అయినా చేయిస్తామంటే

చేయించొద్దని ఒట్టేయించుకోను. ఏడెనిమిదేళ్ళు దాటి, చెప్పింది అర్థం చేసుకుని, టోపీ భరించి కూర్చోగలిగి, ఏకాగ్రతే ముఖ్యమైన ఇబ్బందిగా ఉన్న పిల్లాడికి, స్పీచ్ థెరపీ, బడి ఏదీ పోకుండా, సెంటరు ఊళ్ళోనే ఉంటే, ఒక ప్రయోగంలా చేసి చూడొచ్చు. మూడేళ్ళ పిల్లాడికి మాత్రం వద్దు. వాడికి తెర మీద కారు ఎందుకు ఆగిందో తెలియదు, టోపీ అంటే ఏడుపే మిగులుతుంది.

ఫిట్స్ మందు వాడుతున్న పిల్లాడి విషయంలో ఎవరైనా "మందుల్లేకుండా" అంటే ఆ గదిలోంచి లేచి వచ్చెయ్యండి. వాల్‌ప్రోయేట్ లాంటి మందు ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. తగ్గించాలన్నా, మార్చాలన్నా రాసిన డాక్టరే చెప్పాలి.

టోపీ అలవాటు ఇంట్లోనే చేయించాలి. మొదటి రెండు రోజులు నడినెత్తి మీద వేలు పెట్టి అయిదు అంకెలు లెక్కపెట్టి తియ్యడం. తరవాత తడిగుడ్డ, ఆ తరవాత బిగుతైన ఊలు టోపీ రెండు నిమిషాలు, పది నిమిషాలు. చివర్లో చెవి తమ్మెకి మెత్తని క్లిప్పు. వారం, పది రోజులు పడుతుంది. ఏడుస్తుంటే చేతులు పట్టుకుని పెట్టే చోట మొదటి సెషన్‌తోనే ఆపెయ్యాలి, ఆ ఏడుపులో వచ్చే సిగ్నల్ ఎలాగూ కండరాలదే. సెషన్ తరవాత తలనొప్పి, చిరాకు, నిద్ర తేడా రావచ్చు, సైడ్ ఎఫెక్టుల్లేవన్నది కూడా పూర్తి నిజం కాదు.

అన్నిటికన్నా ముఖ్యం లెక్క రాసుకోవడం. "బాగున్నాడు" అన్నది లెక్క కాదు. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగేవి మూడు ఎంచుకోండి. పేరు పెట్టి పదిసార్లు పిలిస్తే ఎన్నిసార్లు చూశాడు, అన్నం దగ్గర ఎన్ని నిమిషాలు కూర్చున్నాడు, రాత్రి ఎన్నిసార్లు లేచాడు. మొదటి సెషన్‌కి రెండు వారాల ముందే మొదలుపెట్టి, పాత క్యాలెండర్ వెనక రోజూ రాయండి. టోపీ సంగతి బళ్ళో టీచరుకి చెప్పకుండా ఆవిణ్ణి కూడా నెలకోసారి అడగండి. 40 సెషన్ల డబ్బు ఒక్కసారి కట్టకండి. 15 సెషన్లకి మూడిట్లో ఒక్క అంకె కూడా కదలకపోతే ఆపెయ్యండి, "ఇంకో పది చేస్తే పట్టు దొరుకుతుంది" అని తప్పకుండా అంటారు.

ఎలాగూ గోదారి మనకి ఒక పరీక్ష ఉచితంగా పెడుతుంది. జులై, ఆగస్టుల్లో వరదొస్తే కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది, కోటిపల్లి రేవులో పంటు ఆగిపోతుంది, సెషన్లు రెండు మూడు వారాలు కట్. సెంటరువాళ్ళు కంగారుపడతారు. మీరు పడకండి. క్యాలెండర్ వెనక రాయడం మాత్రం మానకండి. వరద ముందు వారానికింత చొప్పున మెరుగుపడుతున్న అంకె, టోపీ లేని ఆ మూడు వారాల్లోనూ అదే చొప్పున మెరుగుపడుతూ ఉంటే, పంటు మళ్ళీ తిరగడం మొదలెట్టాక కూడా పిల్లాడు అరుగు మీదే ఉండొచ్చు.